ఆపా వాళ్ల బేటా

ఆపా పోయిందని ఫోను వచ్చినప్పుడు నాకు మొదట కలిగింది బాధ కాదు. 'ఇక ఆ క్యాసెట్ నాది' అనుకున్నాను. ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు. ఆమె మంచితనం గురించి చెప్పేవాళ్లు నంద్యాలలో చాలామంది ఉన్నారు, వాళ్లు చెప్పుకుంటారు. నాకు ఆమె మీద ఉన్నది కుళ్లు. చదువుకునే రోజుల్లో మొదలైంది, మోకాళ్ల నొప్పులొచ్చే వయసుకి కూడా తగ్గలేదు. మనిషి పోతే తగ్గుతుందేమో అనుకున్నాను. ఆ సూచనలేమీ కనిపించడం లేదు.

ఫోను చేసింది ఆమె మేనల్లుడు. "అక్కా, మా అత్త పోయింది. పెట్టెను మీకే ఇయ్యమని చెప్పి పెట్టింది. వచ్చి తీసకపోతారా? ఇల్లు బాడుగకు ఇయ్యల్ల" అన్నాడు.

పెట్టె అంటే వీడియో పెట్టె. మా వీధి మొత్తానికి పెట్టె అంటే అదొక్కటే. ఆపా అంటే ఉర్దూలో అక్క. చిన్నా పెద్దా అందరూ ఆమెను అలాగే పిలిచేవాళ్లు. పాలు పోసే ముసలాయనకు ఆమె మనవరాలి వయసు, ఆయనా ఆపా అనే అనేవాడు. ఒక్క మా అమ్మ మాత్రం అలా పిలవలేదు. మా అమ్మ ఆమెను 'బిడ్డా' అనేది. నన్ను పిలవాల్సి వస్తే 'ఏమే' అనేది. కోపం వస్తే పూర్తి పేరు. కన్నది నన్ను, బిడ్డ ఆమె. కుళ్లుకు ఇంతకన్నా కారణం కావాలా?

ఆపా భర్త కువైట్‌లో డ్రైవరు. పెళ్లయిన కొత్తలోనే వెళ్లిపోయాడు. ఎప్పుడో సెలవు దొరికితే వచ్చేవాడు. అలా ఒకసారి వచ్చినప్పుడు ఆ పెట్టెను తెచ్చాడు. జీపులోంచి అట్టపెట్టె దించుతుంటే వీధంతా చుట్టూ చేరింది. మా నాయనకు బండల వ్యాపారం. బేతంచెర్ల నుంచి రాళ్లు తెప్పించి పాలిష్ పట్టించి అమ్మేవాడు. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని, అట్ట మీది ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్కటే కూడబలుక్కున్నాడు. "బే... టా... మా... ఇదేందప్పా, మన బేతంచెర్లలో చేసినారా?" అన్నాడు. వేళాకోళానికి కాదు, నిజంగానే అడిగాడు. కువైట్ నుంచి వచ్చినాయన పాపం తల గోక్కుని, "లేదు నాయనా, జపానుది" అన్నాడు. ఆ తర్వాత చాలాకాలం మా లారీ డ్రైవర్లు దాన్ని బేతంచెర్ల టీవీ అనే అన్నారు.

ఆపా దానికి వేరే పేరు పెట్టుకుంది. బీటా అన్న మాట ఆమె నోట్లో 'బేటా' అయింది. బేటా అంటే ఉర్దూలో కొడుకు. నేను ఊరుకోలేదు. అప్పుడే డిగ్రీలో చేరాను, తప్పు వినబడితే దిద్దకుండా ఉండలేని వయసు.

"అది బేటా కాదు, బీటా. గ్రీకు భాషలో ఒక అక్షరం" అన్నాను.

"నీకు అచ్చరం చెల్లీ, నాకు బేటా" అంది ఆమె.

చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఫక్కున నవ్వారు. వాళ్లలో మా అమ్మ నవ్వు అందరికన్నా గట్టిగా వినిపించింది. ఆపాకు పిల్లలు లేరని నాకూ తెలుసు. అందుకే మళ్లీ దిద్దలేదు.

ఆ పేరు ఊళ్లోకి పాకింది. అప్పటికే ఒకరిద్దరి ఇళ్లల్లో రెండో రకం పెట్టె, వీహెచ్ఎస్, వచ్చింది. దాని క్యాసెట్ పెద్దది, ఆపా క్యాసెట్ చిన్నది. చిన్నది బేటా అయితే పెద్దది దాని తండ్రి కాక ఇంకేమవుతుంది? దానికి 'బాప్' అని పేరు పడింది. క్యాసెట్లు బాడుగకిచ్చే అంగడికి వెళ్తే, అక్కడి మనిషి కూడా "బాపా, బేటానా?" అని అడిగేవాడు. ఇందులో ఒక చిక్కు వచ్చింది. తండ్రీకొడుకులన్నాక ఒకే ఇంట్లో ఇముడుతారనుకుని, మా మేనమామ ఒకరు చిన్న క్యాసెట్ తీసుకెళ్లి తన పెద్ద పెట్టెలోకి తోశాడు. అది అడ్డం తిరిగి ఇరుక్కుంది. ఆయన అన్నానికి కూర్చోకుండా మా ఇంటికి పరిగెత్తుకొచ్చి, "యాడన్నా కొడుకును నాయన నోట్లో పెట్టి తోస్తారా, నాకైనా బుద్ధి ఉండల్ల" అని తనను తానే తిట్టుకున్నాడు. ఆపా వెళ్లి పట్టకారుతో లాగి తెచ్చుకుంది. క్యాసెట్‌ను కొంగులో చుట్టి తెచ్చుకున్న తీరు చూస్తే, దెబ్బ తగిలిన పిల్లాణ్ణి ఎత్తుకొస్తోందేమో అనిపించింది.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేది. తల మీద కొంగు ఎప్పుడూ జారుతుండేది, చేతులు ఖాళీగా ఉన్నా సరే మణికట్టుతోనే దాన్ని వెనక్కి తోసుకునేది. పెట్టెను ముట్టుకునే ముందు చేతులు కడిగి, తుడుచుకుని, వేళ్లు ఒకసారి వాసన చూసుకునేది. ఉల్లిపాయ వాసన వస్తే మళ్లీ కడిగేది. మీట నొక్కితే పెట్టె మూత పైకి లేచి నోరు తెరుచుకునేది. క్యాసెట్ పెట్టి మూతను అరచేత్తో మెల్లగా నొక్కి, చెవి దాని మీద ఆనించేది. లోపల గుర్రుమని ఏదో కదిలి, టక్కుమని ఆగేది.

"తినింది. ఇంక నొక్కొచ్చు" అనేది అప్పుడు.

లోపల ఏం జరుగుతుందో భర్త ఆమెకు మూత విప్పి చూపించాడట. దాన్ని ఆమె అందరికీ చెప్పేది. చెప్పడానికి ఆమెకు ఒక పద్ధతి ఉండేది. ఎడమ చేతిని పిడికిలి బిగించేది. "ఇది డోలు. ఇది గిర్రున తిరుగుతా ఉంటాది. దీనికి రెండు కండ్లు." తర్వాత కొంగు అంచును లాగి పిడికిలి చుట్టూ తిప్పేది. "ఇది టేపు. డోలు కండ్లు దీన్ని ఏటవాలుగా గీతలు గీతలుగా చదువుతాయి. ఒక్కో గీతకు ఒక బొమ్మ ముక్క." బాప్ పెట్టె మీట నొక్కినప్పుడే టేపును బయటికి లాగుతుందట. ఆపమంటే మళ్లీ లోపలికి తోసేస్తుందట. "మన బేటా అట్ల కాదు. మింగినప్పుడే చుట్టుకుంటాడు. ఆపినా ఇడువడు, ఎనక్కు తిప్పినా ఇడువడు. బయటికి తీసిందాకా పట్టుకునే ఉంటాడు."

ఒకరోజు ఇలా చెబుతూ తన కొంగుకు బదులు మా అమ్మ కొంగు లాగి పిడికిలికి చుట్టింది. మా అమ్మ ఆమె మీదికి ఒరిగిపోయి, "ఇడువు బిడ్డా, పడతా" అని కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. మా ఇంట్లో మా అమ్మ అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

మా ఇల్లు మగవాళ్ల ఇల్లు. బండలు కొనేవాళ్లు, అమ్మేవాళ్లు, లారీలవాళ్లు. పొద్దస్తమానం వసారాలో ఎవరో ఒకరు ఉండేవాళ్లు. అమ్మ లోపలి నుంచి కాఫీ గ్లాసులు అందిస్తూ తగ్గు గొంతుతో మాట్లాడేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక వాళ్లంతా కునుకు తీస్తుంటే, చెప్పులు చేతిలో పట్టుకుని పెరటి దోవన ఆపా ఇంటికి పోయేది.

"యాడికి పోతాండావు?" అనేదాన్ని, తెలిసీ.

"బిడ్డ కాడికి. నువ్వూ రాకూడదా?"

"నాకు చదువుకునేది ఉండాది."

"సరే, చదువుకో."

రెండోసారి పిలిచేది కాదు. అదీ నా బాధ. ఇంకొక్కసారి రమ్మంటే పోయేదాన్ని. పుస్తకం ముందు పెట్టుకుని, పెరటి గోడ అవతలి నుంచి వచ్చే నవ్వుల్లో అమ్మ నవ్వును ఏరుకుంటూ కూర్చునేదాన్ని.

అయినా అప్పుడప్పుడు నేనూ వెళ్లాను. సినిమా కోసం అని చెప్పుకున్నానుగానీ, అమ్మ మీద కాపలాకే. సినిమా నడుస్తుండగా హీరోయిన్ మంచి చీర కట్టుకుని కనబడితే చాలు, ఆడవాళ్లంతా "ఆపా, ఆపు! ఆపా, ఆపు!" అని అరిచేవాళ్లు. ఆపా మీట నొక్కేది, బొమ్మ ఆగిపోయేది. అంచు చూసి, జాకెట్టు చేతులు చూసి, ఇలాంటిది కర్నూలులో దొరుకుతుందా ప్రొద్దుటూరులో దొరుకుతుందా అని వాదించుకునేవాళ్లు. ఆపా ఎక్కువసేపు ఉండనిచ్చేది కాదు. "శానాసేపు ఆపకూడదు. బొమ్మ నిలబడింటాది గానీ లోపల డోలు తిరుగుతానే ఉంటాది. ఒకే చోట గీకి గీకి ఆడ టేపు అరిగిపోతాది. ఇంక ఆ బొమ్మ మీద వాన పడినట్ల గీతలొస్తాయి" అని మళ్లీ నొక్కేసేది. సినిమా అయ్యాక క్యాసెట్‌ను మొదటికి తిప్పకుండా ఎప్పుడూ తీయలేదు. ఎవరు తొందరపెట్టినా వినేది కాదు. "కత మధ్యలో ఎవరినీ నిలబెట్టి పోగూడదు" అనేది.

నేను జొన్నరొట్టె బాగా చేస్తాను. అంచు చీలదు, మధ్యలో మందం ఉండదు. ఆ రోజుల్లోనే బాగా చేసేదాన్ని. అమ్మ తిని, "ఉప్పు తగ్గిందేమే" అనేది. ఆపాకు రొట్టె తట్టడం రాదు. వాళ్ల ఇంట్లో చపాతీలే. మా అమ్మ దగ్గర నేర్చుకుంటానని వచ్చి, పెనం మీద వేసేలోపే ముక్కలు చేసేది. ఆ ముక్కలన్నీ అమ్మ ఏరుకుని పచ్చిమిరపకాయ పచ్చడితో తిని, "శానా రుచిగా ఉండాది బిడ్డా" అనేది. నేను ఒకరోజు ఆగలేక అడిగేశాను.

"నీకు నేనా, ఆమెనా?"

అమ్మ పిండి చేతులతో అలాగే నా వైపు చూసింది. "అదేం మాటే! నువ్వు యాడికి పోతావు? నువ్వు ఉండేదానివి. ఆ బిడ్డ మొగుడు పిలిస్తే రేపే కువైటుకు పోతాది" అంది.

చివరికి జరిగింది వేరే. నాకు కడప సంబంధం కుదిరింది, నేను పోయాను. ఆపా ఎక్కడికీ పోలేదు. పోవాల్సిన మనిషి గోడ అవతలే ఉండిపోయింది, ఉండాల్సినదాన్ని మైదుకూరు మీదుగా బస్సెక్కాను. ఆ లెక్క ఇప్పటికీ నాకు మింగుడు పడదు.

నా పెళ్లికి ముందు సంగతే ఆ క్యాసెట్. ఆపా భర్త మరోసారి వచ్చినప్పుడు కెమెరా తెచ్చాడు. భుజం మీద మోసేది, సిమెంటు ఇటుకంత బరువు. బేటా క్యాసెట్టే దాని కడుపులో పెట్టాలి. అది తీయడమేగానీ చూపించలేదు. ఏం తీశామో, అసలు వచ్చిందో రాలేదో తెలియాలంటే క్యాసెట్‌ను మళ్లీ పెట్టెలో పెట్టాల్సిందే. ఆయన వెళ్తూ వెళ్తూ దాన్ని భార్య దగ్గరే వదిలి వెళ్లాడు. ఆమె దానితో తీసిన మొదటి మనిషి మా అమ్మ.

పొద్దున్నే కెమెరా భుజానేసుకుని మా వంటింట్లోకి వచ్చింది. "మా, నువ్వు రొట్టె చేస్తా ఉండు, నేను తీస్తా" అంది. ఆమె మా అమ్మను 'మా' అనేది. అమ్మ సిగ్గుపడిపోయి, "నన్నేం తీస్తావు బిడ్డా, మసి మొగం" అంటూనే కొంగు సర్దుకుంది. వంటింట్లో వెలుతురు చాల్లేదు. నేను చదువుకునే టేబుల్ లైటు తెప్పించారు. దాన్ని పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి కదా, ఆ మనిషిని నేను. ఆపా పక్కనే నిలబడి, లైటు పైకెత్తి, మా అమ్మ ముఖం మీదికి పట్టుకున్నాను. అమ్మ రొట్టె తడుతూ తల ఎత్తి కెమెరా వైపు చూసింది. ఆ చూపు నాకు బాగా గుర్తుంది. నేను జానెడు దూరంలో ఉన్నాను, ఆ చూపు నన్ను దాటి పక్కకు పోయింది. "ఏం బిడ్డా, వస్తాండానా నేను?" అని అడిగింది. ఆ పిలుపు విన్నాక ఇంకేం జరిగిందో నాకు గుర్తులేదు. నా ఒళ్లంతా మండింది, అది మాత్రం గుర్తుంది.

ఆ క్యాసెట్‌ను ఆపా ఆ సాయంత్రమే పెట్టెలో వేసి వీధికంతా చూపించిందట. నేను వెళ్లలేదు. దాని మీద ఇంకేదీ ఎక్కకుండా, వెనక ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకును తలపిన్నుతో విరిచేసిందని అమ్మ చెప్పింది. ఆ పలుకు లేకపోతే పెట్టె ఆ క్యాసెట్ మీద కొత్త బొమ్మ ఎక్కించుకోదట. "నా మొగం ఎవరూ తుడపకుండా పన్ను పీకేసిందే ఆ బిడ్డ" అని మురిసిపోతూ చెప్పింది.

అమ్మ పోయినప్పుడు నేను కడప నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆఖరి గ్లాసు నీళ్లు ఆపా పోసింది. వాకిట్లో కూర్చున్న ముసలమ్మలు నన్ను చూసి ఏడ్చారు, కాదనను. కానీ అంతకు ముందే ఆపాను మధ్యలో కూర్చోబెట్టుకుని, వీపు నిమురుతూ, "ఏడవొద్దు తల్లీ, నీకూ అమ్మే పాయ గదా" అంటున్నారు. నేను చెప్పులు విడిచి లోపలికి వస్తుంటే ఆ మాట వినబడింది. నీకూ అమ్మే అట. నాకు ఏడుపు రాలేదు. అందరూ నన్ను గుండె నిబ్బరం గల పిల్ల అనుకున్నారు.

కర్మలయ్యాక వెళ్లి అడిగాను, "ఆ క్యాసెట్ నాకియ్యి" అని. అమ్మవి ఫొటోలు ఉన్నాయిగానీ అన్నీ బిగుసుకుపోయి నిలబడినవే. మా అమ్మ కదిలేది, మాట్లాడేది, నవ్వేది ఆ ఒక్క క్యాసెట్లోనే.

ఆపా కొంగును మణికట్టుతో వెనక్కి తోసుకుంది. "ఇస్తే ఏం చేసుకుంటావు చెల్లీ? మీ ఇంట్లో ఉండేది బాప్ గదా. దాని నోట్లో ఇది పట్టదు."

"అంగట్లో ఇచ్చి మా పెట్టెకు సరిపోయేట్టు ఎక్కించుకుంటా."

"నై. పరాయి చేతికి ఇయ్యను. అంగళ్లోళ్లు పన్ను పీకిన సందులో కాగితం కుక్కి, దీని మీద ఎవరిదో పెండ్లి ఎక్కిస్తారు. నువ్వు ఈడికి రా. ఎప్పుడైనా రా. ఇద్దరం కూసోని చూద్దాం."

ఇద్దరం కూర్చోవడం! నా అమ్మను చూడ్డానికి ఆమె పక్కన, ఆమె చాప మీద, ఆమె మీట నొక్కితే. కెమెరా వైపు అమ్మ అలా చూస్తుంటే ఆమె తన పక్కన ఉన్న నన్ను ఓరకంట చూడ్డం. నేను లేచి వచ్చేశాను. నాదే తప్పంటారు మావాళ్లు. అననీండి. నా స్థానంలో ఉంటే తెలిసేది.

ఆ తర్వాత ఆమె ఊరుకోలేదు. కడప వైపు ఎవరు వస్తున్నా కబురు పంపేది. మొదటిసారి కబురు తెచ్చినాయన గుమ్మంలో నిలబడి, ఆమె చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పాడు: "చెల్లికి చెప్పు, అమ్మ బాగుండాది, ఒకసారి వచ్చి చూసి పొమ్మను." అమ్మ పోయి అప్పటికే చాలాకాలమైంది. ఏ అమ్మో, ఎక్కడ బాగుందో అర్థమయ్యాక ఒళ్లు మండిపోయింది. నా అమ్మ బాగోగులు నాకు ఆమె చెప్పి పంపుతుంది! మా అమ్మాయి పెళ్లి సందడిలోనూ అదే కబురు: అమ్మ బాగుండాది. నేను ప్రతిసారీ ఒకే జవాబు పంపాను, తీరిక లేదని.

ఈలోగా లోకంలో బాప్ గెలిచాడు. అంగళ్లలో చిన్న క్యాసెట్లు రావడం మానేశాయి. తర్వాత సీడీలొచ్చి బాప్‌నూ తరిమేశాయి. కువైట్ ఆయన తిరిగొచ్చి ఎన్నో రోజులు బతకకుండానే పోయాడు. పెట్టె ఇంకా నడుస్తోందని వినేదాన్ని. తర్వాత ఎప్పుడో కబుర్లు రావడం ఆగిపోయింది. ఆమెకూ విసుగొచ్చింది కాబోలు అనుకున్నాను. కబుర్లు ఆగినందుకు కూడా నాకు కోపమే వచ్చింది.

మేనల్లుడు పెట్టెను దుప్పటిలో చుట్టి ఉంచాడు. దాని మీద ఆమె కుట్టిన పూల గుడ్డ అలాగే ఉంది, రంగు వెలిసిపోయింది.

"క్యాసెట్ యాడుండాది?" అన్నాను.

"లోపలే ఉండాదక్కా. పెట్టె చెడిపోయినప్పుడు లోపలే ఇరుక్కున్యాది. రిపేరుకు ఇస్తామంటే అత్త ఒప్పుకోల్యా. పరాయోళ్లు ఇప్పితే టేపు తెగుతాదని. అట్లే గుడ్డ కప్పి పెట్టుకున్యాది. నేను పోయినాంక చెల్లికియ్యండి, ఆ పిల్ల ఇప్పించుకుంటాది అనింది."

నన్ను ఆ పిల్ల అంది. కబుర్లు ఎందుకు ఆగిపోయాయో అప్పుడు తెలిసింది. చూపించడానికి ఏమీ లేకపోయింది, అందుకే రమ్మనలేదు. దుప్పటి మూటను ఒళ్లో పెట్టుకుని కడప దాకా బస్సులో వచ్చాను. కండక్టరు పైన పెట్టమన్నా పెట్టలేదు.

కడపలో పాత పెళ్లి క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే అంగడి ఒకటి ఉంది. పెట్టె విప్పి చూసి, ఆ అంగడాయన "అబ్బో!" అన్నాడు. లోపలి రబ్బరు బెల్టులు కరిగి బంక అయ్యాయట. టేపు మాత్రం డోలును చుట్టుకుని అలాగే ఉంది. ఇన్నేళ్లూ వదల్లేదు. ఆయన బెల్టులు ఎక్కడి నుంచో తెప్పించి, డోలు కళ్లు స్పిరిట్‌తో తుడిచి, కబురు చేశాడు. నేను ఒక్కదాన్నే వెళ్లాను. ఎవరినీ వెంట రానీయలేదు.

"మేడం, టేపు మధ్యలో ఆగిపోయి ఉండాది. ఈడ శానా అరిగింది గూడ. పాజ్‌లో పెట్టి పెట్టి చూసినట్లుండారు. మొదటికి తిప్పమంటారా?" అన్నాడు.

కథ మధ్యలో ఎవరినీ నిలబెట్టి పోకూడదని మొత్తుకున్న మనిషి. శానాసేపు ఆపకూడదని వీధిలో అందరినీ కసిరిన మనిషి. ఇంట్లో ఒక్కతే కూర్చుని ఏ బొమ్మ దగ్గర ఆపి, డోలుతో గీకించి గీకించి చూసుకుందో నాకు ఆయన చెప్పకముందే తెలిసిపోయింది.

"వద్దు, ఉన్నచోటి నుంచే కొంచెం వెనక్కి తిప్పి పెట్టండి" అన్నాను.

మొదట చప్పుడు వచ్చింది. టప్ టప్ టప్ మని రొట్టె తట్టే చప్పుడు. తర్వాత మా వంటింటి గోడ, పెనం, చేతులు. అమ్మ గాజులు. అమ్మ తల వంచుకుని ఉంది. తల ఎత్తబోతుండగా తెర నిండా తెల్లటి గీతలు పడ్డాయి. వాన అని ఆపా అన్నదే. ఆ వానలో ముఖం ఆనవాలు కూడా లేదు. గొంతు మాత్రం ఏమీ చెడిపోకుండా, పక్కగదిలోంచి వచ్చినట్టు వచ్చింది.

"ఏం బిడ్డా, వస్తాండానా నేను?"

వస్తాండావమ్మా అనబోయాను. నేను నోరు తెరిచేలోపే కెమెరా వెనక నుంచి ఆమె పలికేసింది.

"వస్తాండావు మా. శానా బాగా వస్తాండావు."

పోయాక కూడా నాకన్నా ముందే. ఆ ముఖాన్ని ఆమె తన చూపుతోనే అరగదీసి, మొత్తం తనే చూసుకుని, నాకు వాన మిగిల్చి పోయింది.

అప్పుడు తెర మీద వెలుతురు ఒకసారి ఊగింది. నా చేతిలోని లైటు అది. గీతలు పలచబడ్డాయి, తర్వాత ఒక్కసారిగా తొలగిపోయాయి. అమ్మ ముఖం స్పష్టంగా వచ్చింది. ముక్కు మీద పిండి. కళ్లు కెమెరా వైపు లేవు. కొంచెం పక్కకు, లైటు ఉన్న వైపు చూస్తున్నాయి.

"ఏమే, చెయ్యి నొస్తాందా? మొగం అట్ల పెట్టుకున్యావు. దించు తల్లీ, సాలు" అంది.

ఈ మాట నాకు గుర్తులేదు. ఆ రోజు నేను అసలు వినలేదు. ఆ చోట ఒక్క గీత లేదు, ఒక్క మచ్చ లేదు. అక్కడ ఆపా ఒక్కసారి కూడా ఆపలేదు.

"ఆపండి, ఆపండి!" అని అరిచాను.

అంగడాయన కంగారుగా మీట నొక్కాడు. అమ్మ నన్ను చూస్తూ ఆగిపోయింది. పెట్టె లోపల డోలు తిరుగుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది.

"మేడం, ఇంకా కాపీ ఎక్కల్యా. శానాసేపు ఆపితే ఈడ గూడ అరిగిపోతాది" అన్నాడాయన.

"అరగనీ అప్పా" అన్నాను.